సవరణ: లూసీ నడిచింది, చెట్లూ ఎక్కింది

లూసీ అంటే మనుషుల కంటే ముందు బతికిన, మానవ కుటుంబానికి చెందిన ఒక ఆడజీవి; దాని ఎముకలు శిలాజంగా దొరికాయి. నల్లగొండ బడిపిల్లల కోసం పెట్టిన పోయిన పోస్టులో "లూసీ చెట్లు వదిలేసి రెండు కాళ్ల మీద నడిచింది" అని ఉంది. అందులో "చెట్లు వదిలేసి" అన్న మాట తీసేశాం. నోట్సులో రాసుకున్నవాళ్లు దయచేసి కొట్టేయండి.

ఇథియోపియాలోని హదార్‌లో 1974లో దొరికిన లూసీ సుమారు 32 లక్షల ఏళ్ల నాటిది. కటి ఎముక, మోకాలి వంపు చూస్తే నడిచేదనడంలో సందేహం లేదు. కానీ చేతులు పొడవు, వేళ్ల ఎముకలు వంకర. అవి పాత పూర్వీకుల నుంచి ఊరికే మిగిలిపోయిన లక్షణాలని వాదించేవాళ్లున్నారు. నాకు ఆ వాదన చాలదు. ఎందుకంటే ఎముక బతికుండగా మోసిన బరువును బట్టి గట్టిపడుతుంది. లూసీ ఎముకల స్కాన్లపై 2016లో వచ్చిన పరిశోధనలో భుజం కింది ఎముకలు మనకంటే చాలా బలంగా తేలాయి. అంటే చేతులతో ఒళ్లు పైకి లాక్కునేది.

దేవరకొండ నుంచి ఒక అమ్మాయి మంచి ప్రశ్న అడిగింది: "మన గీత కార్మికుల్లాగా ఎక్కేదా?" అలా కాదమ్మా. తాటిచెట్టు మీద వాళ్ల బరువును మోకు, ముత్తాదు ఆపుతాయి. లూసీకి చేతి పట్టే ఆధారం. అయితే నడిచే పాదం చెట్టెక్కడానికి పనికిరాదనుకోవద్దు. ఉగాండాలో త్వా జనం తేనె కోసం చీలమండను బాగా వంచి, పాదాన్ని మానుకు ఆనించి ఎక్కుతారు.