పులిహోర పార్కింగ్‌లో ఉంది

మా బావమరిది మాదాపూర్‌లో స్క్రమ్ మాస్టర్, అంటే సాఫ్ట్‌వేర్ టీముతో 'ఎజైల్' అనే పద్ధతిలో పని చేయించేవాడు. 2001లో అమెరికాలో, యూటాలోని ఒక స్కీ రిసార్టులో 17 మంది సాఫ్ట్‌వేర్ పెద్దలు చేరి 'ఎజైల్' సూత్రాలు రాసుకున్నారు. అవి కూకట్‌పల్లిలో మావాడి కొడుకు బారసాలకి కూడా పనికొస్తాయని పాపం వాళ్లకే తెలీదు.

వారం ముందు నుంచే పొద్దున్నే 'స్టాండప్' మొదలైంది. అందరూ నిలబడే మాట్లాడాలి. కాళ్లు పీకి, పావుగంటలో మీటింగు తెములుతుందని దాని కిటుకు. మా అత్తగారు మోకాళ్ల నొప్పులని మొదటి రోజే కుర్చీ వేసుకున్నారు. ఇంకేం, గంటైనా తెమల్లేదు.

"అమ్మా, నిన్నేం చేశావ్, ఇవాళేం చేస్తావ్, బ్లాకర్స్ ఏంటి?"

"నువ్వేరా. వంటింటికి అడ్డంగా నిలబడ్డావు, జరుగు."

మూడో రోజు వంట మేస్త్రి వచ్చాడు. "బాబూ, పులిహోర చింతపండుదా, నిమ్మకాయదా?"

"అది పార్కింగ్‌లో పెడదాం మేస్త్రీ. ముందు స్వీటు క్లోజ్ చేద్దాం."

వీళ్ల ఆఫీసులో పార్కింగ్ అంటే తర్వాత మాట్లాడుకుందామని, క్లోజ్ అంటే ఖాయం చేద్దామని. మేస్త్రి బుద్ధిగా తలూపి చిన్న డైరీలో రాసుకున్నాడు. ఇంతలో మావాడికి ఆఫీసు కాల్ వచ్చింది.

బారసాల నాడు టెర్రస్ మీద షామియానా కింద బంతి వేశాం. పప్పు, గుత్తొంకాయ, దోసకాయ పచ్చడి పడ్డాయి. స్వీటు లేదు, పులిహోర లేదు. విస్తట్లో మొదట తీపి పడందే చెయ్యి పెట్టని మా పెదమామగారు, చెయ్యి ఒళ్లో పెట్టుకుని షామియానా గుడ్డ డిజైను చూస్తున్నారు.

"స్వీటు మీరే క్లోజన్నారు కదా! పులిహోర చెప్పినట్టే పార్కింగ్‌లో పెట్టించాను. ఏదో చెప్పలేదని రెండూ కలిపించాను" అన్నాడు మేస్త్రి.

సెల్లార్‌కి పరిగెత్తాం. స్కూటర్ల మధ్య రెండు గుండిగలు. చింతపండుదాని మీద వాచ్‌మన్ పిల్లలు అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశారు. మిగిలిన గుండిగ లిఫ్టులో పట్టలేదు. బకెట్లతో నాలుగంతస్తులు మోశాం. సాయం పట్టమంటే మావాడు, "బావా, నాకిప్పుడు బ్యాండ్‌విడ్త్ లేదు" అన్నాడు, అంటే తీరిక లేదని. ఫోన్‌లో ఎవరితోనో సింకప్ అవుతున్నాడు మరి.

బంతులన్నీ అయ్యాక మేస్త్రి లెక్క తేల్చమన్నాడు.

"ఈవోడీకి ఇచ్చేస్తాను మేస్త్రీ." ఎండ్ ఆఫ్ ద డే, అంటే సాయంత్రానికల్లా అని.

మేస్త్రి గరిటె కింద పెట్టేశాడు. "ఆయనకెందుకు బాబూ? వండింది నేను కదా!"