దెబ్బ తగిలించుకోవడానికీ ఒక పద్ధతుంది

బెజవాడ వాళ్లలో నాకు నచ్చని గుణం ఒకటే. ఎక్కడ పడితే అక్కడ పడిపోతారు. ఏలూరు రోడ్డులో మూత లేని సైడు కాలువ కనిపిస్తే చాలు, అందులో కాలు పెడతారు, చీలమండ విరగ్గొట్టుకుంటారు, సూర్యారావుపేటలో ఏదో ఆసుపత్రికి లక్షలు ధారపోసి బయటికొస్తారు, ఆ తర్వాత తీరిగ్గా ‘ఎవరి నిర్లక్ష్యం వల్ల పడ్డామో వాళ్ల దగ్గర నష్టపరిహారం వస్తుందాండీ’ అని అడుగుతారు. ఆ మాట పడే ముందు అడగాలి. మన చట్టం పాపం ఎంతో శ్రద్ధగా ఏర్పాట్లు చేసి పెట్టింది, మనమే పద్ధతిగా పడటం నేర్చుకోలేదు.

మొదట తెలుసుకోవాల్సింది, మన దగ్గర దెబ్బ ఖరీదు నొప్పిని బట్టి ఉండదు. ఏది తగిలిందన్న దాన్ని బట్టి ఉంటుంది. బండి గుద్దిందనుకోండి, మీ పంట పండినట్టే. 1988 మోటారు వాహనాల చట్టం ఉంది, ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టేది) తప్పనిసరి, ప్రత్యేకంగా ట్రిబ్యునల్ ఉంది, యాక్సిడెంటు ఎక్కడ జరిగినా మీరుండే ఊళ్లోనే ఓపీ, అంటే పరిహారం పిటిషన్, వేసుకోవచ్చు. తప్పు ఎవరిదో తేల్చే గొడవ లేకుండానే పెద్ద గాయానికి రెండున్నర లక్షలు, ప్రాణం పోతే 5 లక్షలు ఇప్పించే సెక్షన్ ఉంది. గుద్దినవాడు ఆగకుండా పారిపోయినా 50,000 ఇస్తారు, మనిషి పోతే 2 లక్షలు.

అదే కాలు కాలువలో పెట్టారనుకోండి. సివిల్ దావా వేయాలి. ఎంత అడుగుతున్నారో దాని లెక్కన కోర్టు ఫీజు ముందే కట్టాలి, అంటే విరిగిన కాలుకి పెద్ద మొత్తం అడగాలంటే ముందు జేబు కూడా విరగ్గొట్టుకోవాలి. ఎదురు పక్షం ప్రభుత్వమైతే రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. అసలు ఎవరికివ్వాలో కనుక్కోవడం ఇంకో పని. రోడ్డు ఒక శాఖది, కాలువ ఇంకో శాఖది, తవ్వింది కాంట్రాక్టరు, మూత ఎత్తుకుపోయింది పాత ఇనుము వాడు. కాలు ఒక్కటే ఖచ్చితంగా మీది.

పైనుంచి ఏదైనా పడేట్టుంటే అది కూడా చూసి ఎంచుకోండి. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం 1951లో కూలి జనం చనిపోతే, దాన్ని చూసుకోవాల్సిన బాధ్యత మున్సిపాలిటీదేనని 1966లో సుప్రీంకోర్టు చెప్పింది. దాని ఆయుష్షు నలభై, నలభై అయిదేళ్లయితే ఎనభై ఏళ్లు నిలబెట్టారట. రాజ్‌కోట్‌లో ఆఫీసుకి నడిచి వెళ్తున్న మనిషి మీద రోడ్డు పక్క చెట్టు పడి ప్రాణం పోతే మాత్రం, 1997లో అదే సుప్రీంకోర్టు మున్సిపాలిటీకి బాధ్యత లేదంది. కాబట్టి ఎండగా ఉంది కదా అని బందరు రోడ్డులో చెట్టు నీడన నిలబడే అలవాటు మానుకోండి. దగ్గర్లో శిథిలమైన కట్టడం ఏదైనా ఉంటే దాని కింద నిలబడండి.

అన్నిటికన్నా బండే మేలని ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. అందులోనూ తేడాలున్నాయి. ఇన్సూరెన్స్ లేని బండి గుద్దితే డబ్బు ఓనరు దగ్గర రాబట్టుకోవాలి, ఆ ఓనరు పేరు మీద చాలాసార్లు ఆ బండి తప్ప ఇంకేమీ ఉండదు. అందుకని బెంజ్ సర్కిల్ దగ్గర రోడ్డు దాటే ముందు ఎం-పరివాహన్ యాప్‌లో ఎదురొచ్చే బండి నంబరు కొట్టి, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో చూసుకోవడం పౌరుడి కనీస బాధ్యత. అయిపోయి ఉంటే తప్పుకోండి, వెనకాల ఇంకోటి వస్తుంది.

మా పిన్ని ఇవేమీ చూసుకోలేదు. సత్యనారాయణపురంలో కూరలు కొనుక్కుని వస్తుంటే రాంగ్ రూట్‌లో వచ్చిన బైకు తగిలి, మోచెయ్యి విరిగింది. దొండకాయలు రోడ్డంతా దొర్లాయి. క్షణంలో జనం మూగారు, మూగినవాళ్లలో సగం మంది జడ్జీలు. ‘అమ్మా, మీరు కాస్త చూసుకోవద్దా’ అని ఒకాయన తీర్పు మొదలుపెట్టాడు. ‘కుర్రాడు ఇంజనీరింగ్ అంట, కేసంటే లైఫ్ పాడైపోద్ది’ అని ఇంకొకాయన అప్పీలు కూడా కొట్టేశాడు. ఈలోగా కుర్రాడి మేనమామ దిగి చేతులు జోడించాడు. ‘అక్కయ్యా, వీడు మీ కొడుకు లాంటోడు. ఆసుపత్రి ఖర్చు పైసాతో సహా నాది. మన మధ్య కేసులెందుకు?’ ఆ బైకుకి ఇన్సూరెన్స్ ఉంది, కేసు పెడితే పరిహారం కట్టాల్సింది మేనమామ కాదు, ఇన్సూరెన్స్ కంపెనీ. ఆ ముక్క అక్కడ మూగిన ఒక్కరికీ తెలియదు, కానీ లోక వ్యవహారం మాత్రం అందరికీ తెలుసు.

ఆసుపత్రి కౌంటర్లో అమ్మాయి అడిగింది, ‘ఎంఎల్‌సీ చేయమంటారా, మామూలుగా రాయమంటారా?’ ఎంఎల్‌సీ అంటే పోలీసులకి తెలియజేసే కేసు. మా పిన్ని నోరు తెరిచేలోపు మేనమామే చెప్పేశాడు, ‘బాత్రూంలో జారి పడ్డారని రాయమ్మా.’ రాసింది. నీలం ఇంకుతో, చక్కటి దస్తూరీతో. ఎక్స్‌రేకి, కట్టుకి మేనమామే కట్టాడు. మరుసటి రోజు ఆపరేషన్ చేసి ప్లేటు వెయ్యాలని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆయన ఫోన్ ఎత్తడం లేదు.

తర్వాత లాయర్ గారి దగ్గరికి వెళ్తే ఆయన కేసు షీటు రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, ‘అమ్మా, మీ బాత్రూంకి ఇన్సూరెన్స్ ఉందా?’ అన్నారు.

తప్పు ఎవరిదైనా ఎఫ్ఐఆర్, ఊండ్ సర్టిఫికెట్ (గాయాల గురించి డాక్టరు ఇచ్చే కాగితం), ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు అన్నీ ఒకే కథ చెప్పాలి. మనుషులు రకరకాలుగా చెప్పినా సర్దుకోవచ్చు, కాగితాలు మాత్రం గొడవ పడకూడదు. సరే, అన్నీ కలిశాయనుకుందాం. అప్పుడు మీ వయసు చూస్తారు. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు ఒక పట్టిక వేసింది. పాతికేళ్ల లోపు వాళ్లకి ఏడాది ఆదాయాన్ని 18తో హెచ్చిస్తారు, నలభైకి వచ్చేసరికి 15, అరవై అయిదు దాటితే 5. చావుకైనా, శాశ్వత వైకల్యానికైనా ఇదే లెక్క. కాబట్టి జీవితంలో ఒక్కసారైనా బండి కింద పడాలని ఉంటే రిటైరయ్యాక చూద్దాంలే అని వాయిదా వేయకండి.

వైకల్యం శాతం కూడా మెడికల్ బోర్డు ఎంత వేసిందో అంతే అనుకుంటే పొరపాటు. చెయ్యి పోతే వడ్రంగికి పనే పోతుంది, గుమస్తాకి పోకపోవచ్చు, అందుకని సంపాదన ఎంత తగ్గిందో విడిగా చూడాలని 2011లో రాజ్ కుమార్ కేసులో చెప్పారు. న్యాయంగా చాలా సబబైన మాట. ఇబ్బందల్లా ఏమిటంటే, ‘మీ సంపాదనెంత’ అని అడిగితే ఆటోనగర్ మెకానిక్‌కి చూపించడానికి జీతం స్లిప్పు ఉండదు, గ్రీజు చేతులు తప్ప. మా పిన్ని లాంటి వాళ్లకి అదీ ఉండదు. తెల్లారుజామున లేచి రాత్రి పదకొండు దాకా చాకిరీ చేసే ఇల్లాలి పనికి నెలకి 3,000 అని 2001లో సుప్రీంకోర్టు ఒక లెక్క వేసింది, తర్వాత 2021లో ఆ పనికి తగిన విలువ కట్టాల్సిందేనని గట్టిగా చెప్పింది. చాకిరీకి రేటు తెలియాలంటే చెయ్యి విరగాలన్నమాట, మామూలు రోజుల్లో ఇంట్లో ఎవడూ లెక్క వేయడు.

తప్పులో మీ వాటా ఎంత అనేది ఇన్సూరెన్స్ లాయరుకి ఇష్టమైన సబ్జెక్టు. బస్సు కిటికీ మీద మోచెయ్యి ఆనించి కూర్చోవడం ప్రయాణికుడి తప్పు కాదని మధ్యప్రదేశ్ హైకోర్టు 1974లోనే చెప్పింది. బైకు మీద ముగ్గురెక్కినంత మాత్రాన యాక్సిడెంటులో వాళ్ల తప్పుందని పరిహారం కోయకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తీర్పు వచ్చి బెజవాడ పరువు నిలబెట్టింది. (ముగ్గురెక్కడం మాత్రం ఇప్పటికీ నేరమే, చలానా కట్టాల్సిందే.)

ఇంకో చిన్న సంగతి, గడువు. 1994లో ఎత్తేసిన గడువుని 2019 సవరణలో మళ్లీ తెచ్చారు, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. యాక్సిడెంటు జరిగిన ఆరు నెలల్లో పిటిషన్ వేయాలని అందులో రాశారు. అంటే తొడలో రాడ్డు వేయించుకున్నవాడు వాకర్ పట్టుకుని లేచేలోపు అన్నమాట. కోర్టు తేల్చడానికి మాత్రం అంత తొందరేమీ ఉండదు. ఆ డబ్బు వచ్చాక కూడా మొత్తం ఒకేసారి చేతికిస్తే తగలేస్తారేమోనని కొంత బ్యాంకులో డిపాజిట్ చేయిస్తారు. అప్పులిచ్చినవాళ్లు ఆ విషయం అర్థం చేసుకోవాలి.

ఇన్ని లెక్కలూ మన వల్ల కాదనుకునేవాళ్లు కుక్క కాటు గురించి ఆలోచించండి. 2023లో పంజాబ్, హర్యానా హైకోర్టు చాలా శుభ్రమైన రేటు కార్డు ఇచ్చింది. ఒక్కో పంటి గాటుకి కనీసం 10,000, కండ ఊడివస్తే ప్రతి 0.2 సెంటీమీటరుకి కనీసం 20,000. వయసు, జీతం స్లిప్పు, మేనమామ, ఏదీ అక్కర్లేదు, స్కేలు ఉంటే చాలు. కాకపోతే చండీగఢ్ దాకా వెళ్లి కరిపించుకోవాలి. మా పటమటలో కుక్క కరిచి పిక్క పట్టుకుని కుంటుకుంటూ వస్తే, అరుగు మీద కూర్చున్న పెద్దమనుషులు పేపరు దించి ‘ఊరికే ఎందుకు కరుస్తుందిరా, నువ్వేం చేశావు దాన్ని?’ అంటారు.