గోడమీద మీటరు, గాల్లో మాట

మిట్టమధ్యాహ్నం వస్తారు. సంపాదించేవాళ్లు పనులకు, పిల్లలు బడికి వెళ్లిపోయాక ఇంట్లో మిగిలిన పెద్దావిడ తలుపు తీస్తుంది. ‘మీటరు మారుస్తున్నామమ్మా, ఫ్రీయే, మీరు కట్టేదేం లేదు’ అంటారు. ఆవిడ కొడుక్కి ఫోను కలిపి విషయం చెప్పేలోగా పాత మీటరు గోనెసంచిలో పడుతుంది, ఆఫీసు నుంచే రీడింగు తీయగల కొత్త ‘స్మార్ట్’ మీటరు గోడకెక్కుతుంది. ముందస్తు నోటీసు లేదు. సంతకం లేదు. పాత మీటరు చివరి రీడింగు రాసిచ్చిన చీటీ కూడా లేదు. సాయంత్రం కొడుకొచ్చి సెక్షన్ ఆఫీసుకు ఫోను చేస్తే ‘పైనుంచి ఆర్డరు సార్’ అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఆ పైన ఉన్నదెవరో తెలియదు. ఆ ఆర్డరు కాగితం ఇంతవరకూ ఏ వినియోగదారుడి కంటా పడలేదు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. అపార్టుమెంట్లలో పని మరీ సులువు. మీటర్లన్నీ సెల్లార్లో ఒకే బోర్డు మీద ఉంటాయి కాబట్టి వాచ్‌మన్ గేటు తీస్తే చాలు, గంటలో అన్ని ఫ్లాట్లకూ ‘స్మార్ట్’ యోగం పట్టేస్తుంది. యజమానులకు సంగతి తెలిసేది తర్వాతి నెల బిల్లు చేతికొచ్చాకే. అద్దె ఇళ్లలో ఇంటాయన, అద్దెకున్నాయన ఒకరినొకరు అనుమానించుకుంటున్నారు. కొందరికి పాత మీటరు కాలిపోయిందని చెప్పారు, అది నిక్షేపంగా తిరుగుతుండగానే. వద్దని గట్టిగా నిలబడ్డవారికి ‘అయితే కరెంటు కట్ చేయాల్సొస్తుంది’ అన్న బెదిరింపు అదనం.

మీటరు మంచిదా చెడ్డదా అన్నది తర్వాతి చర్చ. అడిగారా లేదా? మా ప్రశ్న ఇదొక్కటే. అడగలేదు.

అడుగుతామని చెప్పింది మాత్రం సాక్షాత్తూ ప్రభుత్వమే. గృహ వినియోగదారుల అనుమతి లేనిదే స్మార్ట్ మీటర్లు బిగించబోమని ఆంధ్రప్రదేశ్ విద్యుత్ శాఖ మంత్రి గొట్టిపాటి రవికుమార్ 2025 జులైలో విస్పష్టంగా ప్రకటించారు. ఆ ప్రకటన చదివి జనం ఊపిరి పీల్చుకున్నారు. మంత్రి మాట లైన్‌మన్ దాకా చేరడానికి ఎన్నాళ్లు పడుతుంది? బకాయి ఉన్న ఇంటి ఫ్యూజు పీకమని వచ్చే ఆదేశం పూట తిరక్కుండా అమలవుతుంది కదా! జనానికి మేలు చేసే మాటకు మాత్రం కాళ్లు రావెందుకు? ఆదేశం కిందికి దిగలేదనుకోవాలా, లేక దిగవద్దనే అనుకున్నారా? రెండోదే నిజమైతే అది నిర్లక్ష్యం కాదు, మోసం.

ఇంకాస్త వెనక్కి వెళ్దాం. ప్రతిపక్షంలో ఉండగా స్మార్ట్ మీటర్లు పెడితే పగలగొట్టమని పిలుపునిచ్చింది ఇప్పటి మంత్రి నారా లోకేష్. పొలాల్లో మోటార్లకు మీటర్లంటే రైతు మెడకు ఉరితాళ్లేనని ఊరూరా చెప్పింది ఇప్పటి అధికార పక్షం. అప్పుడు ఉరితాడైనది ఇప్పుడు ఆభరణం ఎప్పుడైంది? కుర్చీ మారితే మీటరు గుణం మారుతుందా? ఇక వైకాపా సంగతి. తాము అధికారంలో ఉన్నప్పుడు ఈ కాంట్రాక్టులు ఖరారు చేసి, 2020లో వ్యవసాయ మోటార్లకు మీటర్ల ప్రయోగాన్ని శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెట్టిన పార్టీ ఇప్పుడు వినియోగదారుల పక్షాన కన్నీళ్లు కారుస్తోంది. కళ్లు తుడుచుకోవడానికి రుమాలు ఇవ్వగలమేమోగానీ, సానుభూతి ఇవ్వలేం. ఒకరు సంతకం పెట్టారు, ఇంకొకరు బిగిస్తున్నారు. ఇద్దరిలో ఒక్కరూ గృహిణిని అడగలేదు.

విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల) వాదనా లేకపోలేదు. రీడింగు తప్పులు తగ్గుతాయి, చౌర్యం బయటపడుతుంది, సరఫరా ఎక్కడ పోయిందో ఆఫీసులో కూర్చునే తెలుస్తుంది, ఎప్పుడెంత వాడుతున్నారో వినియోగదారుడికే కనిపిస్తుంది అంటున్నాయి. కావచ్చు. అంత మంచి వస్తువైతే ఇంటివాళ్లందరూ ఉన్న ఆదివారం వచ్చి, కూర్చోబెట్టి, చెప్పి పెట్టండి. మంచిని దొంగచాటుగా పంచాల్సిన అవసరం ఏమొచ్చింది?

చట్టం తమవైపే ఉందని అధికారులు చెప్పే మాటలో కొంత నిజముంది. కొంతే. విద్యుత్ చట్టం 2003లోని 163వ సెక్షన్ మీటర్లు పరిశీలించడానికి, మార్చడానికి ఇంట్లోకి వచ్చే అధికారం ఇచ్చింది. అయితే సరైన వేళకు రావాలనీ, వచ్చే ముందు ఇంట్లో ఉండేవారికి తెలియజేయాలనీ కూడా అదే సెక్షన్ చెప్పింది. వాక్యంలో మొదటి సగం కంఠతా వచ్చినవారికి రెండో సగం కనబడటం లేదు. 2020 నాటి వినియోగదారుల హక్కుల నియమాలు కొత్త కనెక్షన్లకు స్మార్ట్ ప్రీపెయిడ్ మీటరు పెట్టాలన్నాయి, నిజమే. పేరులోనే హక్కులున్న నియమాలు తలుపు తట్టే చేతికి లైసెన్సుగా మారడం మన దేశానికే చెల్లింది. పాతికేళ్లుగా బిల్లు తప్పకుండా కడుతున్న ఇంటికి, పనిచేస్తున్న మీటరు పీకి, ఒక్క కాగితమైనా చూపకుండా కొత్తది బిగించమని ఆ నియమాలు ఎక్కడ చెప్పాయో చూపించండి.

అదే చట్టంలో 47వ సెక్షన్ ఐదో ఉపవిభాగం ఒకటుంది. ప్రీపెయిడ్ మీటరు ద్వారా సరఫరా తీసుకోవడానికి ఇష్టపడే వినియోగదారుడి నుంచి సెక్యూరిటీ డిపాజిట్ అడగరాదని అది చెబుతుంది. ఇష్టపడే అన్న మాట గమనించండి. ఇష్టం అనేది ఉంటుందనీ, దాన్ని అడిగి తెలుసుకోవాలనీ 2003లోనే పార్లమెంటు అనుకుంది. 56వ సెక్షన్ ప్రకారం బకాయి పడ్డ ఇంటికైనా కరెంటు తీసేయాలంటే కనీసం 15 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ప్రీపెయిడ్ మీటరుకు ఈ మర్యాదలేం తెలుస్తాయి? ఖాతాలో డబ్బు అయిపోతే అదే ఆపేస్తుంది. 15 రోజుల నోటీసును ఒక ఎస్సెమ్మెస్ మింగేస్తుంది. ఆ ఎస్సెమ్మెస్ అయినా ఏ నంబరుకు వెళుతుంది? సర్వీసు తాతగారి పేరు మీద ఉండి, నమోదైన ఫోను నంబరు ఎవరిదో తెలియని ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని లేవు?

‘ఇప్పుడు పోస్ట్‌పెయిడే కదా, ఎందుకీ గోల’ అని ఊరడించేవాళ్లున్నారు. ఆ ఊరడింపులోనే అసలు ప్రమాదం ఉంది. స్మార్ట్ మీటరును పోస్ట్‌పెయిడ్ నుంచి ప్రీపెయిడ్‌కు మార్చడానికి ఎవరూ మళ్లీ ఇంటికి రానక్కర్లేదు. నిచ్చెన, స్క్రూడ్రైవరు అక్కర్లేదు. ఆఫీసులో ఒక మీట నొక్కితే చాలు. ఇవాళ గోడ మీదికి ఎక్కించడానికే అడగనివాళ్లు, రేపు ఆ మీట నొక్కే ముందు అడుగుతారని నమ్మడం ఎలా? 2023లో కేంద్రం సవరించిన నియమాలు వేళలను బట్టి రేటు మార్చే పద్ధతికి కూడా దారి తెరిచాయి. సూర్యుడున్న వేళల్లో తక్కువ, రద్దీ వేళల్లో ఎక్కువ. వంటా, ఫ్యానూ, పిల్లల చదువూ, అలసి ఇంటికొచ్చినవాళ్ల టీవీ అన్నీ ఆ రద్దీ వేళల్లోనే. దాన్నెప్పుడు అమలు చేయాలో కరెంటు ఛార్జీలు నిర్ణయించే విద్యుత్ నియంత్రణ మండలి తేలుస్తుంది. అమలుకు కావాల్సిన పెట్టె మాత్రం ముందే గోడ మీద సిద్ధంగా ఉంటుంది. ఒక్కసారి అడక్కుండా పని జరిగిపోయి, జనం ఊరుకుంటే, అడక్కపోవడమే పద్ధతి అవుతుంది. మా భయం ఇదే. ఈ సంపాదకీయంలో పదిసార్లు చెప్పినా తక్కువే.

దూరం నుంచి నొక్కే ఆ మీట ఎంత పని చేయగలదో ఉత్తర్‌ప్రదేశ్ చూసింది. 2020 ఆగస్టు 12, కృష్ణాష్టమి. తప్పుడు ఆదేశమొకటి వెళ్లి, లక్షన్నరకు పైగా స్మార్ట్ మీటర్ల ఇళ్లలో ఒక్కసారిగా కరెంటు పోయింది. బిల్లులు శుభ్రంగా కట్టినవారికీ చీకటే. పండగపూట ఇల్లు చీకటైతే ఎవరిని అడగాలో తెలియక జనం అల్లాడారు. ప్రభుత్వం ఉలిక్కిపడి దర్యాప్తు వేసింది. పాత మీటరుకు ఎన్ని జబ్బులున్నా, ఒకే క్షణంలో లక్షన్నర ఇళ్లను ఆర్పేసే శక్తి మాత్రం దానికి లేదు.

బిల్లులు పెరిగాయన్న ఫిర్యాదుల్లో ఎన్ని నిజం, ఎన్ని ఎండల మహిమ అన్నది పరీక్షించి తేల్చాలి. ఆ పరీక్షకూ నియమం ఉంది. రీడింగు మీద ఫిర్యాదు చేస్తే ఐదు రోజుల్లోగా పక్కనే మరో మీటరు పెట్టి, కనీసం మూడు నెలలు రెండింటినీ పోల్చి చూడాలని వినియోగదారుల హక్కుల నియమాలకు చేసిన 2024 సవరణ చెబుతోంది. ఏడాదిలో కనీసం మూడుసార్లు మంజూరైన లోడును, అంటే ఆ ఇంటికి అనుమతించిన గరిష్ఠ వాడకాన్ని దాటితే తప్ప లోడు పెంచరాదని 2023 సవరణ చెబుతోంది. మీటరు బిగించడానికి వచ్చినవారిలో ఎవరైనా ఒక్క గృహిణికి ఈ రెండు సంగతులు చెప్పారా? పాత రీడింగు చీటీ ఇవ్వనివాళ్లు హక్కుల చీటీ ఇస్తారా! పాత మీటరే సంచిలో వెళ్లిపోయాక, దాని చివరి అంకె ఎంతో రుజువు చేయాల్సిన భారం పాపం ఆ ఇంటివాళ్ల మీదే పడుతోంది.

ఇక ‘ఫ్రీ’ సంగతి. కేంద్రం 2021లో తెచ్చిన పంపిణీ రంగ పథకం మొత్తం అంచనా 3,03,758 కోట్ల రూపాయలు, అందులో కేంద్రం ఇచ్చేది 97,631 కోట్లు. మనలాంటి రాష్ట్రాలకు ఒక్కో మీటరుకు వచ్చే సాయం ఖర్చులో 15 శాతం, అదీ 900 రూపాయలకు మించదు. ప్రీపెయిడ్ పద్ధతిలో నడిపితేనే ఆ సాయమైనా. మిగతాది కాంట్రాక్టు సంస్థకు నెలనెలా, ఏళ్ల తరబడి డిస్కం చెల్లించాలి. డిస్కంకు డబ్బు చెట్టుకు కాయదు. పెరిగిన ఖర్చును తర్వాతి బిల్లులకు తగిలించే ట్రూఅప్ ఛార్జీల రుచి తెలిసిన జనానికి ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఫ్రీ అన్నది తలుపు తీయించడానికి వాడే మాట, అంతే. అమాయకురాలితో అబద్ధం చెప్పి సంపాదించిన మౌనాన్ని ఏ కోర్టూ అంగీకారం అనదు, ఏ ప్రభుత్వమూ అనకూడదు.

మాట ఒకటి చెప్పి చేత ఇంకొకటి చేయడంలో మనవాళ్లు ఒంటరివాళ్లు కాదు. సామాన్య వినియోగదారులకు స్మార్ట్ ప్రీపెయిడ్ మీటర్లు ఉండవని 2024 జూన్‌లో మహారాష్ట్రలో అప్పటి ఉపముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ ప్రకటించారు. తర్వాత అక్కడ పోస్ట్‌పెయిడ్ అంటూ, టీవోడీ (వేళను బట్టి రేటు) అంటూ పేరు మార్చుకుని అవే మీటర్లు ఇళ్లకొచ్చాయి. అదే ఏడాది మేలో గుజరాత్‌లోని వడోదరలో జనం ఆఫీసుల ముందు కూర్చుంటేగానీ అధికారులు పోలిక మీటర్ల సంగతి ఎత్తలేదు. వినియోగదారుల రక్షణకు పెట్టింది పేరని చెప్పుకునే బ్రిటన్‌లోనూ కోర్టు వారంట్లు పట్టుకుని పేదల ఇళ్లలో జొరబడి ప్రీపెయిడ్ మీటర్లు బిగించిన వైనం 2023 ఫిబ్రవరిలో పత్రికల ద్వారా బయటపడింది. అక్కడి నియంత్రణ సంస్థ బలవంతపు బిగింపులు ఆపించింది. న్యాయవ్యవస్థ ఆ వారంట్లే ఆపమంది. తర్వాత నియంత్రణ సంస్థ నిబంధనలు రాసి, 75 ఏళ్లు నిండి ఇంట్లో తోడు లేనివారి జోలికి వెళ్లొద్దంది. మన నియంత్రణ మండలి ఏం చేస్తోంది? టారిఫ్ విచారణల్లో గంటల తరబడి ఓపికగా వినే మండలి, ఈ ఒక్క విషయంలో తనంతట తానుగా కలగజేసుకుని ‘సంతకాలు చూపించండి’ అని డిస్కంలను అడిగితే నష్టమేమిటి?

మీటరు బిగించే కుర్రాళ్ల మీద మాకు కోపం లేదు. కాంట్రాక్టరు దగ్గర దినసరి లెక్కన పనిచేసే కుర్రాడికి ఇన్ని మీటర్లయితేనే కూలి అని చెబితే, వాడు ఎదుటివారి అనుమతి కోసం అరుగు మీద కూర్చుంటాడా? జనం వాళ్ల నిచ్చెన లాక్కోవడం, చేయిచేసుకోవడం తగదు. నిలదీయాల్సినవాళ్లు ఎండలో లేరు, ఏసీ గదుల్లో ఉన్నారు.

మంత్రిగారి మాట నిజమే అయితే దాన్ని రాతలో పెట్టాలి. ఇంటివారి సంతకం లేకుండా మీటరు మారిస్తే బాధ్యుడు ఏ స్థాయి అధికారో ఆ ఉత్తర్వులోనే రాయాలి. ఇప్పటికే అడక్కుండా బిగించిన ఇళ్ల జాబితా సర్వీసు నంబర్లతో సెక్షన్ ఆఫీసు గోడకు అంటించాలి. వద్దన్నవారికి పాత మీటరు తిరిగి పెట్టాలి, చివరి రీడింగు చీటీతో సహా. వీటిలో ఏ ఒక్కటీ చేయకుండా రేపు మరో విలేకరుల సమావేశంలో ‘ఎవరినీ బలవంతపెట్టడం లేదు’ అని చెప్పదలచుకుంటే, ముందు ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లండి. మిట్టమధ్యాహ్నమే వెళ్లండి. తలుపు ఆవిడే తీస్తుంది. ఆవిడ ముఖం చూస్తూ చెప్పండి ఆ మాట.