నోరు మూసుకున్న పాపానికి

జిమ్‌లో చేరదామని వెళ్తే ట్రైనర్ ఓ కాగితం చేతిలో పెట్టాడు. ఏడు ప్రశ్నలు. గుండె జబ్బుందా, కళ్లు తిరుగుతాయా అంటూ ఆరు అడిగి, ఏడోది: వ్యాయామం చేయకూడదనడానికి మీకు తెలిసిన కారణం ఇంకేదైనా ఉందా? నా దగ్గర ఇరవై ఏళ్లుగా పోగేసినవి ఉన్నాయి. రాయడానికి చోటేదీ, అవును-కాదు తప్ప! కళ్లు ఒకసారి తిరిగాయని నిజం చెప్పినందుకు చెకప్‌కి పంపాడు.

అక్కడ పొట్ట స్కానింగ్ కోసం లీటరు నీళ్లు తాగించి, ఆపుకోమని, ఈలోగా బీపీకి పిలిచారు. ఎదురుగా గోడ మీద బోర్డు. బీపీ చూసే ముందు 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. మూత్రానికి వెళ్లి రావాలి. కాళ్లు నేలకు ఆనాలి. పట్టీ చొక్కా మీద చుట్టకూడదు. మాట్లాడకూడదు. సిస్టర్ నన్ను ఎత్తు బల్ల మీద కూలేసి, చొక్కా మీదే పట్టీ చుట్టి, "నిద్ర పడుతుందా సార్, పిల్లలెంతమంది" అని మొదలెట్టింది.

అయిదింటిలో నా చేతిలో ఉన్నది చివరిదొక్కటే. నోరు మూసుకుని, ఖాళీగా ఉన్న చేత్తో బోర్డు చూపించాను.

"సార్, మాట రావట్లేదా?"

అడ్డంగా తలూపాను. అదేం కాదని నా భావం. మాట రావట్లేదని ఆవిడకు అర్థమైంది. (తెలుగులో ఇదో చిక్కు. "రావట్లేదా" అని అడిగితే తల నిలువుగా ఊపినా అడ్డంగా ఊపినా రావట్లేదనే తేలుతుంది.) ఇంకో ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. "ఏదీ, నవ్వండి!" లీటరు నీళ్లు ఆపుకున్నవాడి నవ్వు తిన్నగా ఉంటుందా? మూతి వంకరపోయిందన్నారు. "రెండు చేతులూ ఎత్తండి!" రెండోది వాళ్ల మిషన్‌కే కట్టేసి ఉంది కదా, ఒకటే లేచింది. పక్షవాతం లక్షణాలు మూడూ సరిపోయాయి. మిషన్ 168/98 చూపించింది. వీల్‌చైర్ వచ్చింది.

బాత్రూమ్ దాటిపోతుంటే నోరు తెరిచాను. కారిడార్ మొత్తానికి వినపడేలా.

తిరిగొచ్చాక, అయిదు నిమిషాలాగి చూస్తే 124/78. ఫైల్లో మాత్రం మొదటిదే ఉంది. ఒకసారి ఎక్కిస్తే కంప్యూటర్ మార్చనివ్వదట. నాకు మాట పడిపోయిందనుకున్న సిస్టరే ఇంకో లీటరు నీళ్ల సీసా తెచ్చి పక్కన పెట్టింది. స్కానింగ్ ఇంకా అవలేదుగా.