సవరణ: ఉప్పాడ తీరం కోతకి కారణం మడ చెట్లు నరకడం అని రాశాను, అది తప్పు

మొన్న కాకినాడ దగ్గరి ఉప్పాడ గురించి పెట్టిన పోస్టులో రెండు తప్పులు ఉన్నాయండి, అక్కడి వేటకెళ్ళే తమ్ముడొకడు ఫోన్ చేసి చెప్పాక సరిచేస్తున్నాను.

మొదటిది, మడ అడవి (ఉప్పునీటి బురదలో పెరిగే చెట్లు) నరికేశారు కాబట్టే ఉప్పాడని సముద్రం తినేస్తోందని రాశాను. ఉప్పాడది నేరుగా కెరటం కొట్టే ఇసుక తీరం, అక్కడ మడ మొలక నిలవదు, దానికి బురద కావాలి, పోటుపాట్లకి నీళ్ళు వచ్చిపోయే నెమ్మదైన కాలువ కావాలి, అందుకే అది గోదావరి సముద్రంలో కలిసే చోటున్న కోరింగ వైపు పెరిగింది. పాటు టైంలో, అంటే నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు వెళ్తే చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేర్లు పైకి లేచి ఉంటాయి, బురదలో ఉన్న వేర్లకి గాలి అందేది వాటితోనే. ఉప్పాడ దగ్గర అసలు గొడవ ఇసుకది. గోదావరి మీద ఎగువన కట్టిన డ్యాములు ఒండ్రుని ఆపేస్తున్నాయి, సముద్రం తీసుకెళ్ళినంత ఇసుక తిరిగి రావట్లేదు. జియోట్యూబ్ (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు) గోడ వేసినా కెరటాలకి దెబ్బతింది. గోడ కట్టినంత మాత్రాన ఇసుక తిరిగి రాదు కదా.

రెండోది, కోరింగలో 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి అన్నాను. అది 1978లో ప్రకటించిన అభయారణ్యం మొత్తం విస్తీర్ణం, అందులో కాలువలూ బురదమేటలూ కూడా కలిసే ఉన్నాయి.

రొయ్యల, చేపల చెరువుల కోసం మడ కొట్టేయడం గురించి రాసింది మాత్రం అలాగే ఉంచుతున్నాను, అందులో మార్పేం లేదు. పాత పోస్టు షేర్ చేసినవాళ్ళు దయచేసి దీన్ని కూడా పెట్టండి.