ఆ ఏడు పెట్టెల్లో ఏం రాయకూడదంటే

"మీ పుస్తకం అమెజాన్‌లో మొదటి పేజీలోకి రావాలా? ఈ ఆరు కీవర్డ్ రహస్యాలు చాలు!" ఏ రచయితల గ్రూపు తెరిచినా ఇదే మెసేజ్. కేడీపీ అంటే అమెజాన్‌లో మన పుస్తకాన్ని మనమే ప్రచురించుకునే చోటు. కొనేవాళ్లు ఏ మాటలతో వెతుకుతారో ఆ మాటలు, అంటే కీవర్డ్స్, రాయడానికి అక్కడ ఏడు పెట్టెలిస్తారు. మొదటి పుస్తకం సొంతంగా వేసుకుంటున్నవాళ్లు ఆ మెసేజ్‌ను నమ్మి ఉన్నదున్నట్టు వాటిలో దించేస్తున్నారు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

ఏడు పెట్టెల్లోనూ ఒకే మాట నింపితే బలం పెరుగుతుందట. పెరగదు, ఆరు పెట్టెలు దండగ. ప్రతి మాట ముందూ హ్యాష్‌ట్యాగ్ పెట్టమన్నారు. అది ఇన్‌స్టాగ్రామ్ అలవాటు, ఇక్కడ దానితో పనిలేదు. "బెస్ట్ సెల్లర్", "ఫ్రీ" అని చేర్చాలట. అలాంటివి వాడొద్దని కేడీపీ నిబంధనల్లోనే రాసుంది, తెరిచి చూడండి.

నాలుగో సలహా దగ్గరే నాకు ఒళ్లు మండింది. "పేరున్న రచయితల పేర్లు, వాళ్ల పుస్తకాల పేర్లు కీవర్డ్స్‌గా పెట్టండి, వాళ్ల పాఠకులంతా మీకొస్తారు." ఇదీ నిబంధనలకు విరుద్ధమే. పాఠకుణ్ని తప్పుదారి పట్టించే వివరాలిచ్చారని తేలితే పుస్తకాన్ని ఆపేయవచ్చు. అలాంటివి పదే పదే చేస్తే ఖాతానే మూసేయవచ్చు. ఖాతా పోతే అందులోని మిగతా పుస్తకాలూ అమ్మకంలోంచి పోతాయి, మళ్లీ కొత్త ఖాతా తెరవనివ్వరు. పోనీ, ఎవరి కంటా పడలేదనుకుందాం. డిటెక్టివ్ నవల కోసం ఒక రచయిత పేరు కొట్టిన మనిషికి మీ పచ్చళ్ల పుస్తకం కనిపిస్తే ఏం చేస్తాడు? దాటేసి పోతాడు. కనిపించినంత మాత్రాన కొంటారా? అయినా ఒకరు ఏళ్ల తరబడి రాసి తెచ్చుకున్న పేరును మన సరుకుకు అంటించుకోవడానికి మనసెలా ఒప్పుతుంది? ఈ సలహా రాసిన పెద్దమనిషికి పోయేదేమీ లేదు. నష్టపోయేది ఏడాదిపాటు రాత్రుళ్లు కూర్చుని పుస్తకం రాసుకున్న మనిషి.

ఐదోది ఇంకో ఘోరం. తెలుగు ఈ-బుక్ అయితే భాష దగ్గర "హిందీ" అని పెట్టి ఎక్కించాలట, మిగతాది కీవర్డ్స్ చూసుకుంటాయట! కేడీపీ ఈ-బుక్స్‌లో హిందీ, తమిళం, మలయాళం, మరాఠీ, గుజరాతీ ఉన్నాయి, తెలుగుకు ఇంకా చోటివ్వలేదు. నాకూ అది కడుపుమంటే. కానీ దానికి అబద్ధం మందు కాదు. హిందీ అనుకుని కొన్నవాళ్లు డబ్బు వాపసు తీసుకుని, ఒక్క స్టార్ ఇచ్చి పోతారు. తెలుగు ఈ-బుక్‌ను తెలుగు అనే చెప్పి గూగుల్ ప్లే బుక్స్‌లో పెట్టుకోవచ్చు కదా!

ఆరో సలహా మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజం. స్టోర్ సెర్చ్‌లో మీరే కొన్ని అక్షరాలు కొట్టి, కింద ఏ మాటలు వస్తున్నాయో చూడమన్నారు. ఇంత మంచి మాటను ఆ చెత్త అడుగున ఎందుకు పెట్టారో అర్థం కాదు. అమెరికాలో ఉన్న మన పిల్లల కోసం ఇంగ్లీషులో ఆంధ్రా పచ్చళ్ల పుస్తకం రాశారనుకోండి. "ఆంధ్రా", "పికిల్స్" పేరులోనే ఉన్నాయి కాబట్టి వాటికి మళ్లీ పెట్టె ఖర్చు చేయొద్దు. ఒక పెట్టెలో "సౌత్ ఇండియన్ వెజిటేరియన్ కుకింగ్", ఇంకోదాంట్లో "మ్యాంగో ప్రిజర్వింగ్ ఫర్ బిగినర్స్" లాంటివి ఇంగ్లీషులో రాయండి. ఒక్కో పెట్టెకు 50 అక్షరాలే, ఖాళీలతో కలిపి. కొనేవాళ్లు వెతికేటప్పుడు వాళ్ల చేతికి వచ్చే మాటలేవో అవే కావాలి.

తెలుగు పుస్తకాలకు ఇంకో తిప్పలుంది. చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. "కథలు" అన్నప్పుడు టీ తర్వాత హెచ్ పెట్టేవాళ్లున్నారు, మానేసేవాళ్లున్నారు. గూగుల్ ప్లేలో పెట్టేటప్పుడు, తెలుగు వివరణ కింద పుస్తకం పేరు, విషయం ఇంగ్లీషు అక్షరాల్లోనూ ఒక వాక్యంగా రాయండి.

ఆ మెసేజ్ పంపినవాళ్లకు ఒక్క విన్నపం: ఆరోదాన్ని ఉంచి, పైవన్నీ తీసేసి మళ్లీ పంపండి. నాలుగో సలహా ఇప్పటికే పాటించినవాళ్లు మీ గ్రూపులో ఉంటే, ఈరోజే ఆ పేర్లు తీసేయమని చెప్పండి. కీవర్డ్స్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఐదోది పాటించినవాళ్లను మాత్రం ఆ ఈ-బుక్‌నే అక్కడ అమ్మకంలోంచి తీసేయమనండి.