ముందు ఆ ఆకు కట్టు విప్పండి

"ఆస్పత్రుల మాఫియా దాచిన ఐదు ఆకు రహస్యాలు" అనే మెసేజ్ ఈ వారం నాకు కాలనీ గ్రూపులో వచ్చింది, ఆఫీసు గ్రూపులో వచ్చింది, చివరికి మా పెదనాన్నగారి అబ్బాయి కూడా పంపాడు. పంపి ఊరుకోకుండా "చదివావా?" అని ఫోన్ చేశాడు. చదివాను అన్నయ్యా. ఇదిగో జవాబు, దీన్ని కూడా ఫార్వర్డ్ చెయ్.

తులసి రాత్రంతా ఆక్సిజన్ ఇస్తుందట. చీకట్లో ఏ మొక్కా ఇవ్వదు. తర్వాతది.

పసుపు గాయాలు మాన్పుతుందని అమెరికావాళ్లే పేటెంట్ ఇచ్చారట. 1995లో ఇచ్చిన మాట నిజమే. మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పోరాడితే 1997లో రద్దయింది. ఆ ముక్క మాత్రం మెసేజ్‌లో లేదు. ఇది కొత్త సంగతేమీ కాదని రద్దు చేశారు, అంతే. ఏ పుండు పసుపుతో మానుతుందో తేల్చడం పేటెంట్ ఆఫీసు పని కాదు.

చెట్టు మందుకు సైడ్ ఎఫెక్ట్స్ ఉండవట. గన్నేరు పప్పు కూడా చెట్టుదే.

అసలు నాలుగోదాని కోసమే ఇదంతా రాస్తున్నాను. "షుగర్ పుండుతో ఆస్పత్రికి వెళ్తే కాలు తీసేస్తారు. జిల్లేడు ఆకుకు ఆముదం రాసి, పెనం మీద వేడి చేసి కట్టండి. 21 రోజులు విప్పొద్దు."

ఏళ్ల తరబడి షుగర్ ఉన్న చాలామందికి అరికాలు మొద్దుబారిపోతుంది. కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియదు. అలాంటి కాలికి పెనం మీంచి తీసిన ఆకు కడితే అది ఎంత వేడిగా ఉందో ఎవరు చెప్పాలి? మనకైతే చురుక్కుమంటుంది, లాగి పారేస్తాం. వాళ్లకు బొబ్బ లేచిన సంగతి గుడ్డ విప్పితేగానీ తెలియదు. విప్పొద్దన్నారుగా! లోపల చర్మం తెల్లగా నాని ఉబ్బుతుంది, చీము వేళ్ల సందుల్లోంచి పైకి పాకుతుంది. నొప్పి లేదు కాబట్టి "మందు పట్టింది" అని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. ఆహా, ఏం వైద్యం! వాసన మొదలయ్యాక ఆస్పత్రికి పరుగు. అప్పుడు వేలు తీసినా, పాదం తీసినా పాపం డాక్టరుది. ఆకుకు మాత్రం చెడ్డపేరు రాదు.

"మా ఊళ్లో ఒకాయనకు మానింది" అంటారు. మానే ఉంటుంది. రక్తం బాగా ఆడే కాలిమీద చిన్న పుండు ఆకు లేకపోయినా మానుతుంది.

ఆయుర్వేదాన్ని తిడుతున్నానని మొదలుపెట్టకండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో సర్కారు ఆయుర్వేద ఆస్పత్రి ఉంది. వెళ్లి, 21 రోజులు పుండు చూడకుండా కట్టి ఉంచమంటారేమో అక్కడి డాక్టర్లనే అడగండి.

ఐదోది, "డాక్టర్లు పట్టించుకోరు" అని. దీన్ని కాదనలేను. షుగర్ చెకప్‌కి వెళ్తే రిపోర్టు చూస్తారు, మాత్ర మారుస్తారు, చెప్పులు విప్పమనేవాళ్లు తక్కువ. రైతుబజారు గేటు పక్కన పట్టా పరుచుకుని ఆకులమ్మే పెద్దాయన మాత్రం కాలు ఒళ్లో పెట్టుకుని, ఒక్కో వేలు విడదీసి మరీ చూస్తాడు. జనం ఊరికే పోవట్లేదు ఆయన దగ్గరికి.

షుగర్ లేనివాళ్లు మోకాలి నొప్పికి ఆ జిల్లేడు ఆకుతో కాపడం పెట్టుకుంటానంటే నాకేం అభ్యంతరం లేదు, వెచ్చగా హాయిగానే ఉంటుంది. కాకపోతే ఆకు తుంచాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఆ పాలు కంట్లో పడితే పెద్దగా నొప్పి లేకుండానే చూపు మసకబారవచ్చు. పడితే నీళ్లు ధారగా పోస్తూ బాగా కడిగి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఇంకో ఆకు వెతక్కండి.